మెహర్ ఎవరి సొమ్ము? – పాఠకుల ప్రశ్నలు, ఆపా జవాబులు

రంజాన్ దగ్గర పడుతోంది కాబట్టో ఏమో, ఈ నెల ఉత్తరాలన్నీ దాదాపు ఒకే దిక్కు నుంచి వచ్చాయి: నికా, మెహర్, ఆస్తి, పీర్లు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట. నేను సర్కారు బడుల్లో ముప్పై రెండేళ్లు తెలుగు పాఠం చెప్పినదాన్ని. పుట్టింది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె, ఉంటున్నది సైదాబాద్‌లో, ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. నేను ఆలిమాను, అంటే మత పండితురాలిని కాను, వకీలునూ కాను. మా ఇళ్లలో చూసింది, చదువుకున్నది కలిపి చెబుతాను.

ప్రశ్న: ఆపా, మా బ్యాంకులో నాతో పనిచేసే అమ్మాయి చెల్లెలి నికాకు మలక్‌పేటలో ఫంక్షన్ హాలుకు వెళ్లాం. ఖాజీ గారు మైకులో మెహర్ ఇంత అని చదివారు. మా వాళ్లలో ఒకావిడ ‘అంటే పిల్లను కొనుక్కుంటున్నట్టే కదా’ అంది. నాకు ఆ మాట నచ్చలేదు కానీ ఏం జవాబు చెప్పాలో తెలియలేదు. అసలు మెహర్ అంటే ఏమిటి?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మెహర్ అంటే నికాలో పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇస్తానని ఒప్పుకునే సొమ్ము. కొనుక్కుంటే ఆ డబ్బు అమ్మినవాళ్ల చేతికి వెళ్లాలి కదమ్మా. మెహర్ తండ్రికీ పోదు, అన్నకీ పోదు, అది పెళ్లికూతురిది. మన పల్లెల్లో వెనకటికి ఓలి ఇచ్చి పిల్లను చేసుకునేవాళ్లు, అది పిల్ల తండ్రికి ముట్టేది, ఆవిడ దాన్ని మనసులో పెట్టుకుని అని ఉంటుంది. ఖురాన్‌లో నాలుగో అధ్యాయం పేరే ‘అన్-నిసా’, అంటే స్త్రీలు. అందులో మొదట్లోనే, నాలుగో వాక్యంలో, స్త్రీలకు వాళ్ల మెహర్ సంతోషంగా ఇచ్చేయండి, వాళ్లంతట వాళ్లు ఇష్టపడి అందులో కొంత వదులుకుంటే అప్పుడు మీరు తీసుకోవచ్చు అని ఉంది. వాళ్లంతట వాళ్లు అన్న మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

మీరు మగవాళ్ల వైపు స్టేజీ మీద జరిగింది చూసి ఉంటారు. దానికి ముందే ఆడవాళ్ల గదిలో అసలు సంగతి జరిగి ఉంటుంది. పెళ్లికూతురి తరఫున వకీలు, ఇద్దరు సాక్షులు లోపలికి వస్తారు. ఇక్కడ వకీలు అంటే కోర్టు వకీలు కాదు, ఆమె తరఫున మాట్లాడే చిన్నాన్నో మేనమామో. ఫలానా వారి అబ్బాయితో, ఇంత మెహర్‌కు, ‘సిక్కా రాయజుల్ వక్త్’ అంటే ఇప్పుడు చెలామణిలో ఉన్న డబ్బుతో, నికాకు ఒప్పుకుంటున్నావా అని అడుగుతారు. ఎర్ర దుపట్టా కింద తల వంచుకున్న పిల్ల ‘ఖుబూల్’ అని చెప్పి సంతకం పెట్టాకే అక్కడ స్టేజీ మీద అబ్బాయిని అడుగుతారు. పిల్ల ఒప్పుకోకపోతే ఆ నికా లేదు. ఇస్లాంలో పెళ్లి అంటే ఒప్పందం, ఆ ఒప్పందంలో పిల్ల ఒక పక్షం, మెహర్ ఆ పక్షానికి రావాల్సిన హక్కు. మా హైదరాబాద్‌లో ఆ కాగితాన్ని సియాహానామా అంటాం. అందులో మెహర్ ఎంత, అప్పటికప్పుడు ఇచ్చారా, తర్వాత ఇస్తారా అన్నది రాస్తారు.

ఆ ‘తర్వాత’ దగ్గరే మా ఇళ్లలో అన్యాయం జరుగుతుంది. మా అబ్బా పోయినప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. జనాజా వాకిట్లో ఉంది, ఊదు వాసన, మూల మీద అత్తరు సీసా, అమ్మీ గోడకు ఆనుకుని కూర్చుంది. నలుగురు పెద్దవాళ్లు వచ్చి నిలబడి ‘మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా, ఆయన మీద బరువు ఉండకూడదు’ అన్నారు. అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ‘మాఫ్ కియా’ అంది. ఆ స్థితిలో ఏ భార్య కాదంటుంది? ఆ మెహర్ 1,100 రూపాయలు. అమ్మీ పెళ్లి నాటికి అది చిన్న మొత్తమేమీ కాదు. ఆ నెల మా తమ్ముడి ఫీజు కట్టడానికి అమ్మీ తన చెవి కమ్మలు కుదవ పెట్టింది. ఆ పెద్దలు చెడ్డవాళ్లు కాదు, మా మంచి కోరేవాళ్లే, మర్నాడు ఇంటికి బియ్యం పంపినవాళ్లే. కానీ ఆయన మీద బరువు ఉండకూడదనుకుంటే ఆ బరువు దించే పని వారసులదీ ఆస్తిదీ, అప్పుడే విధవ అయిన మనిషిది కాదు. మెహర్ చట్టం దృష్టిలో కూడా అప్పే. చనిపోయినవాడి ఆస్తి పంచుకునే ముందు మిగతా అప్పుల్లాగే అదీ తీర్చాలి. భర్త ఆస్తి న్యాయంగా ఆమె చేతిలో ఉంటే మెహర్ ముట్టేదాకా దాన్ని వదలకుండా ఉంచుకునే హక్కు కూడా కోర్టులు ఒప్పుకున్నాయి.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. మెహర్ ఇవ్వాల్సింది మగపెళ్లివారైతే, మన ఊళ్లో ఎదురు డబ్బు పుచ్చుకునేదీ వాళ్లే. ‘జోడే కీ రఖమ్’ అంటారు, మొదట్లో పెళ్లికొడుకు బట్టల జతకు అన్న పేరుతో వచ్చింది, ఇప్పుడు అది బండి, ఫర్నిచర్, ఫంక్షన్ హాలు భోజనాల దాకా పోయింది. మెహర్ పదకొండు వేలు రాయించి జహేజ్, అంటే కట్నం, పదకొండు లక్షలు పుచ్చుకున్న పెళ్లిళ్లు నేను కూర్చుని చూశాను, తిని వచ్చాను కూడా, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కట్నానికి మతంలో ఏ ఆధారమూ లేదు, ఇక్కడి గాలికి మాకు అంటుకున్న జబ్బు అది. 1961 వరకట్న నిషేధ చట్టం ముస్లింలకూ వర్తిస్తుంది. ఆ చట్టంలోనే కట్నం అంటే ఏమిటో చెప్పినచోట మెహర్ దాని కిందికి రాదని విడిగా రాశారు. మీ బ్యాంకు ఆవిడకు ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు.

నన్నడిగితే మెహర్ బంగారంలో రాయించుకుని నికా రోజే చేతికి తీసుకోవాలి. ఇరవై ఏళ్ల కింద రాసిన రూపాయలు ఇవాళ దేనికొస్తాయి? మా పెద్దమ్మాయికి అలాగే చేశాం. అల్లుడి తరఫువాళ్లు మొదట ముఖం చిన్నబుచ్చుకున్నారు, తర్వాత వాళ్ల అమ్మాయి నికాకు వాళ్లూ అదే అడిగారు.

ప్రశ్న: ఆపా, మాది మిర్యాలగూడ, పెళ్లయ్యాక టోలిచౌకిలో ఉంటున్నాం. నిరుడు అబ్బా పోయారు. అమ్మీ, ఇద్దరు అన్నలు, నేను. అబ్బా పేరు మీద ఇల్లు ఉంది, నలభై లక్షలు చేస్తుంది. అన్నలు ‘నీ పెళ్లికి ఖర్చు పెట్టాం కదా, హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టు’ అంటున్నారు. పెట్టకపోతే పుట్టింటి గడప పోతుందని టెన్షన్‌గా ఉంది. నాకు వాటా ఎంత వస్తుంది?

జవాబు: ముందు లెక్క చెబుతాను బేటీ, గడప సంగతి తర్వాత. మొదట మట్టి ఖర్చులు, అప్పులు పోవాలి. అప్పుల్లో అమ్మీ మెహర్ ఉందేమో అడిగారా? ముట్టకపోతే అది ముందు. అబ్బా వసీయత్, అంటే వీలునామా, రాసి ఉంటే అది మిగిలినదాంట్లో మూడో వంతు దాటకూడదు. అవేమీ లేవనుకుంటే, పిల్లలున్నారు కాబట్టి అమ్మీకి ఎనిమిదో వంతు, అంటే 5 లక్షలు. మిగిలిన 35 లక్షల్లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. ఇద్దరు అన్నలు, మీరు, మొత్తం ఐదు పాళ్లు. అన్నలకు 14 లక్షల చొప్పున, మీకు 7 లక్షలు.

సగమే ఎందుకు అని మీరు అడగలేదు కానీ మిగతా పాఠకులు అడుగుతారు. ఇల్లు నడిపే బాధ్యత, భార్యాపిల్లల్ని, అవసరమైతే అక్కచెల్లెళ్లను పోషించే బాధ్యత మగవాడిది, ఆడది తన సొమ్ములోంచి ఇంటికి పెట్టాల్సిన పని లేదు, అందుకని అలా పంచారు అని ఆలిములు చెబుతారు. నాకు ఆ మాట పూర్తిగా కొట్టిపారేయాలనిపించదు. కానీ జీతం తెచ్చి సగం ఇల్లు నడుపుతున్న ఆడపిల్లలు సైదాబాద్‌లో గల్లీకి పదిమంది ఉన్నారు, వాళ్ల తండ్రులు బతికి ఉండగానే బహుమతిగా రాసిస్తే ఆపేవాళ్లు ఎవరూ లేరు, అది ‘హిబా’, దానికీ దారి ఉంది. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను, కూతురికి వాటా ఇంత అని ఏడో శతాబ్దంలో రాసి పెట్టారు. తండ్రి స్వార్జితంలో హిందూ ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా 1956 చట్టంతో వచ్చింది. పిత్రార్జితంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 నుంచి వర్తించేలా ఇచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అంత ముందుగా రాసి ఉన్న హక్కును మనం ఇళ్లలో ఇవ్వకుండా, సంతకం పెట్టించి మరీ లాక్కుంటుంటే ఆ రాత గురించి గొప్పలు చెప్పుకోవడానికి మనకు ముఖం ఎక్కడుంది?

పెళ్లి ఖర్చుకూ వాటాకూ సంబంధం లేదు. పెళ్లి చేయడం వాటా పంచడం కాదు. మీ అన్నల దగ్గర కూర్చుని, అరవకుండా, ‘ఇది ఖురాన్‌లో ఉన్న వాటా, నాలుగో అధ్యాయం పదకొండో వాక్యం, మీరే చదవండి’ అని చెప్పండి. వాళ్ల చేతిలో ఇప్పుడు డబ్బు లేకపోతే మూడేళ్లలో ఇస్తామని కాగితం రాయించుకోండి, అది పుట్టింటి మీద కత్తి ఎత్తడం కాదు. ఒత్తిడి మీద మాత్రం సంతకం పెట్టకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయం ఎంతైనా ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది, 1987 చట్టంలోనే ఉంది. ఆస్తి ఇల్లు కాబట్టి ఈ లెక్క చెప్పాను. పొలం కూడా ఉంటే మాత్రం వకీలును అడగకుండా లెక్క వేయకండి. ఇక గడప అంటారా, మా ఫుప్పు, అంటే మేనత్త, సంతకం పెట్టింది, ఆ తర్వాత పదేళ్లు ఆ ఇంటికి ఈద్ రోజు కూడా ఎవరూ పిలవలేదు.

ప్రశ్న: మా ఆఫీసులో ముస్లిం ఫ్రెండ్ తన బాబాయి కూతుర్ని చేసుకున్నాడు. మాకు ఆ అమ్మాయి చెల్లెలవుతుంది కదా, అదెలా అని అడగడానికి మొహమాటం వేసింది. తప్పుగా అనుకోకండి మేడమ్.
– ఉప్పల్

జవాబు: తప్పేముంది, మా వాళ్లూ మిమ్మల్ని చూసి ఇలాగే ఆశ్చర్యపోతారు. మీ దగ్గర అక్క కూతుర్ని చేసుకోవడం ఉంది, మేనమామ వరస అని ఇష్టంగా చేస్తారు. మాకు అది హరామ్. ఎవర్ని చేసుకోకూడదో ఖురాన్‌లో వరసగా ఉంది, అందులో అన్న కూతురు, అక్క కూతురు స్పష్టంగా ఉన్నారు. బాబాయి పిల్లలు, పెద్దనాన్న పిల్లలు, మామ పిల్లలు, అత్త పిల్లలు, పిన్ని పిల్లలు ఆ వరసలో లేరు. అంటే మీకు అన్నాచెల్లెళ్లయిన వరస మాకు కుదురుతుంది, మీకు కుదిరే మేనమామ వరస మాకు కుదరదు, మేనత్త మేనమామ పిల్లల దగ్గర మాత్రం ఇద్దరం కలుస్తాం. దగ్గరి రక్తంలో చేసుకుంటే పుట్టే పిల్లలకు కొన్ని జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టర్లు చెప్పేది మాత్రం మీకూ మాకూ ఒకటే.

మీకు తెలియని ఇంకో వరస ఉంది. పాల వరస. పసితనంలో ఒక తల్లి దగ్గర పాలు తాగితే ఆమె పిల్లలు తోబుట్టువులైపోతారు, వాళ్లతో పెళ్లి కుదరదు. మా తమ్ముడు పుట్టిన పదిహేను రోజులకు అమ్మీకి టైఫాయిడ్ వస్తే పక్కింటి కోమటి వాళ్ల కోడలు తన బిడ్డతో పాటు వాడికీ పాలిచ్చింది. అమ్మీ పోయేదాకా ఆ ఇంటి ఆడపిల్లను వాడికి ‘దూధ్ బహన్’ అనే చెప్పింది. ఆ అమ్మాయి ఇప్పటికీ వాడికి రాఖీ కట్టడానికి వనస్థలిపురం నుంచి వస్తుంది.

ప్రశ్న: మాది వరంగల్ వైపు. చిన్నప్పుడు పీర్ల పండుగకు నేను పీరు ముందు ఆడినవాణ్ణి, హిందువునే. ఇప్పుడు నా మనవడు ‘తాతా, అది వాళ్ల పండుగ కదా, నువ్వెందుకు ఆడావు’ అంటాడు. వాడికేం చెప్పను? పోయినసారి వర్షాకాలంలో వచ్చింది, నా చిన్నప్పుడు ఎండల్లో వచ్చేది, అదీ అడుగుతున్నాడు.
– ఒక తాతయ్య, నాగోల్

జవాబు: అన్నా, తేలిక ప్రశ్న ముందు. చాంద్రమానంలో ఏడాదికి 354 రోజులే, మీరు అధిక మాసం కలుపుకుంటారు, మేం కలపం. అందుకే ప్రతి ఏడాదీ పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతూ మొహర్రం అన్ని కాలాలూ తిరిగి వస్తుంది.

ఇక పీర్లు. క్రీస్తు శకం 680లో, ఇప్పటి ఇరాక్‌లోని కర్బలా దగ్గర, ప్రవక్త ముహమ్మద్ (స) మనవడు ఇమామ్ హుస్సేన్‌ను, ఆయనతో ఉన్న కొద్దిమందిని, అప్పటి పాలకుడు యజీద్ సైన్యం నీళ్లు కూడా అందకుండా చేసి చంపింది. పీరు అంటే ఆ అమరుల పేరు మీద నిలిపే ఆలం, యుద్ధ జెండా గుర్తు. గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు, 1591లో ఈ ఊరు కట్టిన ముహమ్మద్ కులీ చార్మినార్ తర్వాత కొద్ది ఏళ్లకే ఆలంలు నిలిపే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కట్టించాడు. ఇవాళ్టికీ మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఏనుగు మీద బయల్దేరుతుంది. ఆ పట్నం పద్ధతి పల్లెకు వచ్చేసరికి మన ఊరి జాతర పోలిక పట్టింది.

మా ఊళ్లో పీరు ఎత్తేది గౌడ్ల ఇంటి పెద్దాయన. పొద్దున్నే స్నానం చేసి, పీర్ల కొట్టంలో కూర్చుంటే, పిల్లల రోగం నయమైందని మొక్కినవాళ్లు తెచ్చిన దట్టీ గుడ్డలు, ఎర్రవి ఆకుపచ్చవి, ఒకదాని మీద ఒకటి కట్టేవాళ్లు. సాయంత్రానికి పీరు బరువెక్కి ఆయన భుజం ఎర్రగా కమిలిపోయేది. అలాయి గుంతలో నిప్పులు, చుట్టూ డప్పులు, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద ముద్ద ప్రతి చేతిలో. మా అబ్బా ఐదు పూటలా నమాజీ, పీరు ముందు మొక్కడం ఇస్లాంలో లేదనేవారు, కొట్టం గడప తొక్కేవారు కాదు. మలీదకు బెల్లం మాత్రం ప్రతి ఏడాదీ మా ఇంటి నుంచే పోయేది. ఎందుకబ్బా అంటే ‘ఊరు హుస్సేన్ కోసం ఏడుస్తుంటే నేను బెల్లం కూడా ఇవ్వనా’ అన్నారు.

ఇప్పుడు మావాళ్లలో కొందరు అది షిర్క్, అంటే దేవుడికి సాటి కల్పించడం, అని, మీవాళ్లలో కొందరు అది పరాయిదని, రెండు వైపులా ఆపమంటున్నారు. మొక్కాలా వద్దా అన్నది ఎవరి విశ్వాసం వాళ్లది, దాని మీద నేను ఎవర్నీ బలవంతపెట్టను. కానీ నీళ్లివ్వకుండా చంపిన మనిషి కోసం ఊరంతా పది రోజులు గుర్తు పెట్టుకోవడం పరాయి పని అని మీ మనవడికి అనిపించకూడదు. ఈ మొహర్రానికి వాణ్ణి డబీర్‌పురా తీసుకెళ్లి ఆ గుంపులో నిలబెట్టండి. దారి పొడవునా చలివేంద్రాలు పెడతారు, ఎవరు వచ్చినా నీళ్లు, షర్బత్ ఇస్తారు, ఎందుకిస్తారో అక్కడే చెప్పండి.

ప్రశ్న: ఉర్దూ, పార్శీ మాటలు తీసేసి స్వచ్ఛమైన తెలుగు రాయాలని ఉంది. మొదలెలా పెట్టాలి టీచర్ గారూ?
– డిగ్రీ విద్యార్థి, కోఠి

జవాబు: బజారు, కాగితం, కలం, రసీదు, బాకీ, జవాబు, హాజరు, ఖాళీ, కబురు, రైతు తీసేసి ఒక పేజీ రాసి చూడు బాబూ. రైతు అరబ్బీ మాట నుంచి వచ్చిందని చెబితే మా ఊరి రైతులు నమ్మరు. సంస్కృతం కూడా లేకుండా అచ్చ తెలుగులో మొదట వచ్చిన కావ్యం పొన్నిగంటి తెలగన ‘యయాతి చరిత్రము’ అని నువ్వు చదివే ఉంటావు. దాన్ని ఆయన అంకితమిచ్చింది పటాన్‌చెరువు అమీన్ ఖాన్‌కు. ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అచ్చ తెలుగు రాయి, అందమైన పనే, నేనూ పిల్లల చేత రాయించేదాన్ని. పరాయి మాటల మీద కోపంతో రాయకు.

ప్రశ్న: మా ఎదురు ఫ్లాట్‌లో ముస్లిం కుటుంబం, రెండు వారాల కింద ఆయన గుండెపోటుతో పోయారు. ఆవిడ బయటికి రావడం లేదు, ఇద్దత్ అని వాళ్లబ్బాయి చెప్పాడు. మేం హిందువులం, వెళ్లి పలకరించవచ్చా? బొట్టు పెట్టుకుని వెళితే బాధ పడుతుందా?
– ఒక గృహిణి, సంతోష్‌నగర్

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా, ఇవాళే. భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉంటుంది, గర్భిణి అయితే ప్రసవం దాకా. ఆ రోజుల్లో నగలు, అలంకారం, మళ్లీ పెళ్లి మాట ఉండవు, ఆ ఇంట్లోనే ఉంటుంది. అవసరమైన పనికి పగలు వెళ్లి రావడానికి వీలుంది. అది మైల కాదు, ఆమె ఎదురు రావడం అశుభమూ కాదు. గడువు తీరాక ఆమె ఇష్టమైతే మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు, ప్రవక్త (స) మొదటి భార్య ఖదీజా గారు ఆయన్ను చేసుకునే నాటికి భర్త పోయినావిడే. మా ఇళ్లలో ఇప్పుడు విధవకు పెళ్లి అంటే నోరు నొక్కుకుంటున్నారంటే అది మేం ఎక్కడో మరిచిపోవడం వల్ల.

మీ బొట్టు మీ ముఖం మీద ఎప్పుడూ ఉన్నదే, ఆమె కొత్తగా చూసేదేమీ కాదు. మగవాళ్లు లోపలికి వెళ్లకుండా ఉంటే మంచిది, మీరొక్కరే వెళ్లండి. మొదటి మూడు రోజులు బంధువులు వండి పంపి ఉంటారు, రెండు వారాలకు అందరూ ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయి ఉంటారు, వంటింట్లో ఒక్కతే ఉంటుంది. పప్పు, చారు, ఏది మీ ఇంట్లో ఇవాళ వండారో అదే ఒక గిన్నెలో పెట్టుకుని వెళ్లండి. గిన్నె వెంటనే తిరిగి తెచ్చుకోకండి, దాన్ని తీసుకురావడానికి రేపు మళ్లీ వెళ్లొచ్చు.